గామా ప్రమేయాన్ని వెనక్కి నడిపించడం: తొమ్మిది రోజుల ప్రాజెక్టు డైరీ

1వ రోజు

తమ్ముడు ఎం.టెక్.లో వైర్‌లెస్ వ్యవస్థల మీద ప్రాజెక్టు చేస్తున్నాడు. నిన్న రాత్రి ఫోను చేశాడు. "అక్కా, సిగ్నల్ ఒకచోట చెదిరి, ఆ చెదిరినది మళ్లీ ఇంకోచోట చెదిరి వస్తే, దాని శక్తిని రెండు ఘాతీయ చలరాశుల లబ్ధంగా తీసుకుంటాం. అంతవరకు అర్థమైంది. కానీ ఆ లబ్ధానికి సాంద్రతా ప్రమేయం రాసేచోట ఒక బెసెల్ ప్రమేయం ఉంది. అది ఎక్కడి నుంచి వచ్చింది?"

బెసెల్ ప్రమేయాలంటే ఒక ప్రసిద్ధ అవకలన సమీకరణానికి సాధనలుగా వచ్చే ప్రత్యేక ప్రమేయాలు. ఫోనులో చెప్పగలిగిన జవాబు కాదు. రెండు వారాలు ఆగమన్నాను. నాకూ చాలా కాలంగా ఈ దారిలో ఒకసారి కాలినడకన వెళ్లి రావాలని ఉంది. పాఠాల్లో చెప్పేటప్పుడు సిద్ధాంతం చెప్పి, ఒక ఉదాహరణ చేసి, గంట కొట్టగానే బయటికి వచ్చేస్తాం. ప్రతి మెట్టు దగ్గరా ఆగి, వచ్చిన అంకెను ఇంకో పద్ధతిలో సరిచూసుకునే తీరిక ఉండదు.

ముందు సమస్యను నోటుపుస్తకంలో సరిగ్గా రాసుకున్నాను. స్వతంత్ర చలరాశులను కూడితే ఫోరియర్ పరివర్తన పనికొస్తుంది, గుణిస్తే మెలిన్ పరివర్తన పనికొస్తుంది. సాంద్రతను ఎక్స్ ఘాతం (ఎస్ − 1) తో గుణించి, సున్నా నుంచి అనంతం దాకా సమాకలనం చేయడమే మెలిన్ పరివర్తన. సగటు 1 ఉన్న ఘాతీయ చలరాశికి సాంద్రత ఈ ఘాతం −ఎక్స్ (ఇక్కడా ఇకముందూ ‘ఈ ఘాతం’లోని ఈ అంటే 2.718… అనే సంఖ్య e). దాన్ని ఇలా సమాకలనం చేస్తే వచ్చేది అచ్చంగా గామా(ఎస్). గామా ప్రమేయానికి నిర్వచనమే అది. రెండు స్వతంత్ర చలరాశుల లబ్ధానికి ఈ పరివర్తనలు గుణించుకుంటాయి కాబట్టి గామా(ఎస్) వర్గం వస్తుంది. మూడింటి లబ్ధానికి ఘనం.

ముందుకు వెళ్లడం ఇంత తేలిక. పనంతా వెనక్కి రావడంలో ఉంది: గామా(ఎస్), దాని వర్గం, దాని ఘనం, ఈ మూడింటికీ విలోమ పరివర్తనలు కావాలి. ప్రతిదాన్నీ రెండు దారుల్లో చేయాలని నియమం పెట్టుకున్నాను. ఒకటి కంప్యూటర్‌లో నిలువు గీత మీద నేరుగా సమాకలనం. రెండోది చేత్తో, ధ్రువాల (ప్రమేయం అనంతానికి పోయే బిందువుల) దగ్గర అవశేషాలు (అక్కడి 1/దూరం పదపు గుణకాలు) తీసి శ్రేణిగా రాయడం. రెండూ కనీసం నాలుగు దశాంశాలకు కలిస్తే తప్ప పేజీ తిప్పకూడదు.

2వ రోజు

విలోమ సూత్రం: సంకీర్ణ తలంలో వాస్తవ భాగం సి దగ్గర ఒక నిలువు గీత గీయాలి. ఆ గీత వెంట కింది నుంచి పైకి గామా(ఎస్) × ఎక్స్ ఘాతం (−ఎస్) ను సమాకలనం చేసి, 2 పై ఐ తో భాగించాలి (పై అంటే 3.1416…, ఐ అంటే −1 కి వర్గమూలం). సి సున్నా కంటే పెద్దదైతే చాలు, జవాబు ఈ ఘాతం −ఎక్స్ రావాలి. ఫిన్లాండ్ గణితవేత్త యాల్మర్ మెలిన్ (1854–1933) పేరు మీద ఈ విద్య నిలిచింది. ఈ ఒక్క సమాకలనానికి మాత్రం కాహెన్, మెలిన్ ఇద్దరి పేర్లూ కలిపి చెబుతారు.

గీత అనంతం దాకా పోతుంది కదా, కంప్యూటర్ ఎలా చేస్తుంది అనే భయం అక్కర్లేదు. గామా విలువ పైకీ కిందికీ వెళ్లేకొద్దీ చాలా వేగంగా కుంగిపోతుంది. వాస్తవ భాగం సగం ఉన్న గీత మీద, టి ఎత్తులో గామా పరిమాణపు వర్గం సరిగ్గా పై / కాష్(పై × టి) (కాష్ అంటే హైపర్బోలిక్ కొసైన్). అంటే ప్రతి ఒక్క యూనిట్ ఎత్తుకూ పరిమాణం దాదాపు అయిదో వంతుకు పడిపోతుంది. 20 ఎత్తుకు చేరేసరికి 13వ దశాంశంలో కూడా చెప్పుకోదగ్గదేమీ మిగలదు.

పైథాన్‌లో మొదలుపెట్టాను. మామూలు మ్యాథ్ మాడ్యూల్‌లోని గామా సంకీర్ణ సంఖ్యలను తీసుకోదు. ఎంపీమ్యాథ్ అనే పైథాన్ లైబ్రరీ తీసుకుంటుంది. సి = 1, ఎక్స్ = 1, టి −20 నుంచి 20 వరకు, అడుగు 0.5, మొత్తం 81 బిందువులు. సమాకలనానికి ట్రెపిజాయిడల్ నియమం తప్ప మరేమీ వాడలేదు.

వచ్చింది 0.36788293. రావలసింది 0.36787944. తేడా 0.0000034873.

అడుగును సగం చేసి 0.25 పెట్టాను. తేడా ఒక్కసారిగా 11వ దశాంశానికి జారింది: 1.216 ను పది ఘాతం 11 తో భాగించినంత.

ట్రెపిజాయిడల్ నియమంలో అడుగును సగం చేస్తే దోషం నాలుగో వంతు అవుతుందని చిన్నప్పటి నుంచి నేర్చుకున్నాం, నేర్పిస్తున్నాం. ఇక్కడ దాదాపు మూడు లక్షల్లో ఒక వంతుకు పడిపోయింది. పైగా 3.4873 వర్గం 12.16. అంటే రెండో దోషం మొదటి దోషానికి సరిగ్గా వర్గం! ఇది యాదృచ్ఛికం కాదు. రాత్రి పదకొండు దాటింది కాబట్టి ఆ రెండు అంకెల చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి పడుకున్నాను.

3వ రోజు

పొద్దున కాఫీ పెట్టకముందే దొరికింది. ఈ ఘాతం (−4 పై) విలువ 0.0000034873. నిన్నటి దోషం అదే.

కారణం ఇది. ఎక్స్ ను ఈ ఘాతం యు అని రాస్తే మెలిన్ పరివర్తన కాస్తా ఫోరియర్ పరివర్తన అయిపోతుంది. నిలువు గీత మీద సమాన దూరాల్లో బిందువులు తీసుకుని కూడితే, అసలు ప్రమేయానికి తోడు యు అక్షం మీద 2 పై / అడుగు దూరానికి ఒకటి చొప్పున దాని నకళ్లు కూడా వచ్చి చేరతాయి. పాసో (Poisson) సంకలన సూత్రం చెప్పేది ఇదే. అడుగు 0.5 అయితే ఆ దూరం 4 పై. ఎడమ పక్క నకలు తెచ్చే విలువ, ఈ ఘాతం −ఎక్స్ ను ఎక్స్ తో గుణించి, ఎక్స్ = ఈ ఘాతం (−4 పై) దగ్గర చూసినంత. అంత చిన్న ఎక్స్ కు మొదటి భాగం ఒకటే అనుకోవచ్చు. మిగిలేది ఈ ఘాతం (−4 పై). అడుగు సగమైతే దూరం 8 పై అవుతుంది, దోషం వర్గమవుతుంది.

అంటే ఆ తేడా గణనలో పేరుకున్న చెత్త కాదు. మనం వెతుకుతున్న ప్రమేయమే దూరంగా ఇంకోచోట నిలబడి చూపిన విలువ. ఇన్నేళ్లలో నేను ఒక దోషాన్ని చూసి ఇంత సంతోషించలేదు. ఈ సంగతి 9వ రోజు మళ్లీ అక్కరకు వచ్చింది.

4వ రోజు

ఇక చేత్తో. గామా ప్రమేయానికి 0, −1, −2, −3… దగ్గర ధ్రువాలున్నాయి. −ఎన్ దగ్గర అవశేషం, ఎన్ సరి సంఖ్య అయితే +1, బేసి అయితే −1, దాన్ని ఎన్ ఫ్యాక్టోరియల్‌తో భాగించాలి. గీతను ఎడమ వైపు జరుపుతూ పోతే దాటిన ప్రతి ధ్రువం దగ్గరా ఒక పదం వచ్చి పడుతుంది: 1, తర్వాత −ఎక్స్, తర్వాత ఎక్స్ వర్గం / 2, అలా. అన్నీ కూడితే ఈ ఘాతం −ఎక్స్ కు శ్రేణి.

ఇది ప్రతి పుస్తకంలోనూ ఉంటుంది. కానీ చాలామంది గబగబా దాటేసే మాట ఒకటుంది: "ఎడమ వైపు గీత మీద సమాకలనం సున్నాకు పోతుంది కాబట్టి". ఎందుకు పోతుంది? దాన్ని ఈసారి అంకెల్లో పట్టుకోవాలనిపించింది.

గీతను −10.5 దగ్గరికి తెచ్చాననుకుందాం. 0 నుంచి −10 దాకా 11 ధ్రువాలు దాటాం. గామా(ఎస్ + 1) = ఎస్ × గామా(ఎస్) అనే సంబంధాన్ని 11 సార్లు వాడితే, −10.5 గీత మీది గామాను 0.5 గీత మీది గామాతో పోల్చవచ్చు. మధ్యలో వచ్చే 11 భాజకాల పరిమాణాలు తక్కువలో తక్కువ 0.5, 1.5, 2.5… 10.5. వీటి లబ్ధం వేసి చూశాను: దాదాపు 67 లక్షల 13 వేలు. 0.5 గీత మీద గామా పరిమాణాన్ని మొత్తం సమాకలనం చేసి 2 పై తో భాగిస్తే 0.471. కాబట్టి ఎక్స్ = 1 కి మిగిలిన సమాకలనం 0.471 / 67 లక్షల 13 వేలు దాటదు. అంటే పది కోట్లలో ఏడు వంతులు. ఇది హద్దు మాత్రమే. 11 పదాలు కూడి నిజమైన తేడా చూస్తే పది కోట్లలో రెండున్నర వంతుల లోపే ఉంది. హద్దు నిలబడింది.

భాజకాల లబ్ధం ఫ్యాక్టోరియల్ వేగంతో పెరుగుతుంది కాబట్టి, ఎక్స్ ఎంత పెద్దదైనా చివరికి దాన్ని మింగేస్తుంది. అందుకే గామా ఒక్కటే ఉన్నప్పుడు ఎడమ వైపు మూయడానికి (గీతను ఎడమకు జరిపేసి సమాకలనాన్ని అవశేషాల మొత్తంగా రాయడానికి) ఏ షరతూ అక్కర్లేదు.

ఒక చిన్న పరీక్ష కూడా చేశాను. గీతను −0.5 దగ్గర పెట్టి కంప్యూటర్‌లో సమాకలనం చేస్తే −0.632 వచ్చింది. ఈ ఘాతం −1 లోంచి 1 తీసేసినంత. దాటిన ఒక్క ధ్రువం తన 1 ని పట్టుకెళ్లింది. తరగతిలో రేపు దీన్నే చూపిస్తాను.

5వ రోజు

గామా వర్గం. ఇప్పుడు ప్రతి ధ్రువం జంట ధ్రువం. −ఎన్ నుంచి ఎప్సిలాన్ దూరంలో గామాను విడదీస్తే, ఎన్ ఫ్యాక్టోరియల్, గుర్తు పక్కన పెడితే, 1/ఎప్సిలాన్ + డైగామా(ఎన్ + 1) + … అని వస్తుంది (డైగామా అంటే గామా సంవర్గమానానికి అవకలజం). వర్గం చేస్తే 1/ఎప్సిలాన్ వర్గం + 2 డైగామా/ఎప్సిలాన్ + …. అవశేషం అంటే 1/ఎప్సిలాన్ గుణకం. కానీ పక్కనే ఎక్స్ ఘాతం (−ఎస్) ఉంది. దాన్ని విడదీస్తే ఎప్సిలాన్ గుణకంగా సంవర్గమానం బయటికి వస్తుంది. అది 1/ఎప్సిలాన్ వర్గంతో గుణించుకుని అవశేషంలోకి చేరుతుంది.

ఇక్కడే ఆగాను. తమ్ముడికి చెప్పవలసిన అసలు మాట ఇదే. ధ్రువాలు విడివిడిగా ఉన్నంతసేపు జవాబులో ఎక్స్ ఘాతాలు మాత్రమే ఉంటాయి. రెండు ధ్రువాలు ఒకే చోట పడిన క్షణాన సంవర్గమానం పుడుతుంది. బెసెల్ కె ప్రమేయం సున్నా దగ్గర సంవర్గమానంలా ఎందుకు పైకి లేస్తుందో నాకు ఇంత సూటిగా ఎప్పుడూ కనబడలేదు.

పదాలు రాశాను, ఎక్స్ = 1 పెట్టి కూడి చూశాను. మొదటి పదం −1.15443 (ఆయిలర్ స్థిరాంకానికి రెండు రెట్లు, రుణ గుర్తుతో). తర్వాత +0.84557, +0.46139, +0.06978, +0.00523, +0.00024… మొత్తం 0.227788. సాంద్రత రెండింతల కె సున్నా(2 × ఎక్స్ వర్గమూలం) కావాలి; కె సున్నా అంటే సున్నా క్రమపు బెసెల్ కె ప్రమేయం. కాబట్టి ఇక్కడ రావలసినది రెండింతల కె సున్నా(2), అంటే 0.227788. కలిసింది. పేజీ తిప్పి, తమ్ముడికి సూత్రం ఫొటో తీసి పంపాను.

6వ రోజు

తొందరపడ్డాను. మధ్యాహ్నం తమ్ముడి నుంచి సందేశం: "అక్కా, ఎక్స్ = 4 పెడితే 31.358 వస్తోంది. నా దగ్గరున్న పట్టికలో రెండింతల కె సున్నా(4) అంటే 0.02232."

సాంద్రత ఎక్స్ పెరిగేకొద్దీ తగ్గాలి, 31 అసాధ్యం. నోటుపుస్తకం తీసి గీతలన్నీ మళ్లీ చూశాను. ఎక్స్ ఘాతం (−ఎస్) ను విడదీసేటప్పుడు సంవర్గమానం ముందు రుణ గుర్తు ఉండాలి. నేను ధన గుర్తు వేశాను. ఎక్స్ = 1 దగ్గర సంవర్గమానం సున్నా కాబట్టి ఆ తప్పు కనబడే అవకాశమే లేదు. తప్పు తనను తాను దాచుకోగల ఒకే ఒక్క చోటును ఎంచుకుని మరీ పరీక్షించాను.

సరిచేసిన పదం: ఎక్స్ ఘాతం ఎన్ ను ఎన్ ఫ్యాక్టోరియల్ వర్గంతో భాగించి, దాన్ని (2 డైగామా(ఎన్ + 1) − లాగ్ ఎక్స్) తో గుణించాలి. ఎక్స్ = 4 కి 0.02232 వచ్చింది. గీత మీది సమాకలనం కూడా అదే ఇచ్చింది. నియమాన్ని మార్చి రాసుకున్నాను: రెండు దారులు, మూడు ఎక్స్ విలువలు, వాటిలో 1 ఉండకూడదు.

7వ రోజు

తమ్ముడు తన వైపు నుంచి సరిచూశాడు. కంప్యూటర్‌లో పది లక్షల జతల ఘాతీయ సంఖ్యలు తీసి, గుణించి, ఎన్ని 1 దాటాయో లెక్కపెట్టాడు. వందకు 28 కంటే కొంచెం తక్కువ. సూత్రం చెప్పేది రెండింతల కె ఒకటి(2), అంటే 0.2797. ఇది గామా(ఎస్) × గామా(ఎస్ + 1) కి విలోమం నుంచి వస్తుంది. సున్నా దగ్గర ధ్రువం ఒంటరిది, మిగతావన్నీ జంటలు.

వాడికి నిజంగా కావలసినది మరో అంకె. సిగ్నల్ శక్తి సగటులో నూరో వంతు కంటే కిందికి పడిపోయే సంభావ్యత ఎంత? ఒకసారి మాత్రమే చెదిరితే 0.00995, అంటే వందకు ఒకటి. రెండుసార్లు చెదిరితే 0.0448, వందకు నాలుగున్నర. ఆ తేడా అంతా మొన్నటి సంవర్గమానం చేసిన పనే. సాంద్రత సున్నా దగ్గర 1 కి ఆగకుండా −లాగ్ ఎక్స్ లా ఎక్కుతోంది, అందుకే అక్కడ అంత బరువు పోగుపడింది.

8వ రోజు

"ఎప్పుడూ ఎడమ వైపే ఎందుకు జరుపుతున్నావు?" అని తమ్ముడు అడిగాడు. మంచి ప్రశ్న, ఒక చిన్న పక్కదారి.

గామా(ఎస్) × గామా(1 − ఎస్) తీసుకుందాం. ఇది పై / సైన్(పై ఎస్). దీనికి ఎడమ వైపూ కుడి వైపూ ధ్రువాలున్నాయి. గీత 0, 1 మధ్య నిలబడాలి. విలోమం 1/(1 + ఎక్స్). ఎక్స్ = 3 పెట్టి ఎడమ వైపు మూస్తే 1 − 3 + 9 − 27…, ఎక్కడికీ చేరదు. కుడి వైపు మూస్తే 1/3 − 1/9 + 1/27…, సరిగ్గా 1/4. కుడి వైపు మూసినప్పుడు సవ్య దిశలో తిరుగుతాం కాబట్టి అవశేషాల మొత్తానికి గుర్తు మార్చాలి, ఈసారి మరిచిపోలేదు. గీతకు మాత్రం ఈ గొడవ లేదు. ఎక్స్ ఎంతైనా నేరుగా సమాకలనం చేస్తే 0.25 ఇచ్చింది.

అంటే ఏ వైపు జరగాలో నిర్ణయించేది మన ఇష్టం కాదు. దూరాన గామాల పెరుగుదలకూ, ఎక్స్ ఘాతానికీ మధ్య ఎవరిది పైచేయి అన్నదే నిర్ణయిస్తుంది. ఇక్కడ రెండు గామాలు ఒకదాన్నొకటి సరితూచుకున్నాయి, మిగిలిన తీర్పు ఎక్స్ 1 కి ఇటా అటా అన్నదాని మీద పడింది. ఇలాంటి గామా లబ్ధాల సమాకలనాలను విస్తారంగా వాడిన ఆంగ్ల గణితవేత్త బార్న్స్, తర్వాత 1924లో బర్మింగ్‌హామ్ బిషప్ అయ్యాడు.

శ్రేణి గుణకాలను చూసి గామాతో కూడిన పరివర్తనను నేరుగా రాసేయడం రామానుజన్‌కు ఎంతో ఇష్టమైన పద్ధతి. 1913లో మద్రాసు విశ్వవిద్యాలయానికి పరిశోధక విద్యార్థిగా ఆయన పంపిన త్రైమాసిక నివేదికల్లో అది ఉంది. ఏ షరతుల మీద అది నిలుస్తుందో తర్వాత హార్డీ ఇలాంటి గీత సమాకలనాలతోనే చూపించాడు. ఈ ఎనిమిది రోజుల తర్వాత ఆ సూత్రం నాకు పూర్వం కంటే చాలా దగ్గరగా అనిపిస్తోంది.

9వ రోజు

గామా ఘనం. ధ్రువాలు మూడేసి ఒకేచోట. గామా విస్తరణలో ఇంకో పదం కావాలి, అందులో డైగామా అవకలజం, అంటే ట్రైగామా, పై వర్గం వస్తాయి. రెండు పేజీలు పట్టింది. మొదట పదం చాలా వికారంగా కనిపించింది. లాగ్ ఎక్స్ ను ఎల్ అని రాసి, పూర్తి వర్గం చేసి చూస్తే చక్కగా ముడుచుకుంది:

(ఎల్ − 3 డైగామా)² / 2 + పై² / 2 − 3 ట్రైగామా / 2

దీన్ని ఎక్స్ ఘాతం ఎన్ తో గుణించి, ఎన్ ఫ్యాక్టోరియల్ ఘనంతో భాగించి, ఎన్ బేసి అయితే గుర్తు మార్చాలి. డైగామా, ట్రైగామా రెండూ (ఎన్ + 1) దగ్గరివి. జంట ధ్రువం సంవర్గమానాన్ని ఇచ్చింది, మూడేసి ధ్రువాలు దాని వర్గాన్ని ఇచ్చాయి. ఈ ప్రమేయానికి బెసెల్ లాంటి ఇంటిపేరు లేదు, డచ్ గణితవేత్త మైయర్ పేరున్న జి ప్రమేయాల కుటుంబంలో చేరుతుంది.

ఎక్స్ = 1 దగ్గర పదాలు: 3.96670, −4.77176, +1.02179, +0.05375, +0.00107, −… ఇక్కడ చేయి ఆగింది. గుర్తులు ఒకటి విడిచి ఒకటి మారాలి కదా? నాలుగో పదం రుణం కావాలి. ఎన్ = 3, బేసి. సరిచేశాను: −0.05375, +0.00107, −0.00001. మొత్తం 0.16404.

గీత మీద, అడుగు 0.5 తో, 0.16425 వచ్చింది. నాలుగో దశాంశంలోనే తేడా. మునుపైతే చేతి లెక్కను మళ్లీ మొదటి నుంచి చూసేదాన్ని. ఇప్పుడు మొదట నకలు సంగతి గుర్తొచ్చింది. ఎక్స్ = ఈ ఘాతం (−4 పై) దగ్గర ఈ కొత్త సాంద్రత విలువ 61 ఉంటుంది, సంవర్గమానపు వర్గం వల్ల. దాన్ని ఈ ఘాతం (−4 పై) తో గుణిస్తే 0.00021. 0.16425 లోంచి తీసేస్తే 0.16404 అయిదు అంకెలకూ కలుస్తుంది. అడుగు 0.25 పెట్టి చూస్తే గీత కూడా 0.16404 నే చూపింది. కొత్త నియమం ప్రకారం 0.3, 2, 4 దగ్గర కూడా చూశాకే పేజీ తిప్పాను.

చివరగా తమ్ముడి అంకె. మూడుసార్లు చెదిరిన సిగ్నల్ సగటులో నూరో వంతు కిందికి పడే సంభావ్యత: శ్రేణిని పదం పదంగా 0 నుంచి 0.01 దాకా సమాకలనం చేశాను. మొదటి పదం 0.1047, రెండోది −0.0012, మూడోది లెక్కలోకి రాదు. మొత్తం 0.1035. ఒకసారికి వందలో ఒకటి, రెండుసార్లకు నాలుగున్నర, మూడుసార్లకు పది దాటింది.

సాయంత్రం తమ్ముడికి పంపాను, ఈసారి అన్ని పరీక్షలూ చేశాక. అరగంటలో జవాబిచ్చాడు. వాడు తీసిన పది లక్షల త్రయాల్లో 0.01 కిందికి పడినవి వందకు పది పైచిలుకు. కింద ఇంకో వాక్యం: "అక్కా, మూడింటి సగటులు వేర్వేరుగా ఉంటే?" సగటులు మారితే ఎక్స్ కొలత మాత్రమే మారుతుంది, ధ్రువాలు కదలవు. వాటిని కదిలించాలంటే సిగ్నల్ చెదిరే తీరే మారాలి, గామా(ఎస్) ల బదులు, తేడాలు పూర్ణాంకాలు కాని వేర్వేరు ఎ లతో గామా(ఎస్ + ఎ) లు రావాలి. అప్పుడు గుంపుగా ఉన్న ధ్రువాలు విడిపోతాయి, సంవర్గమానాలు మాయమవుతాయి. ఎ ల తేడా పూర్ణాంకానికి చాలా దగ్గరగా ఉంటే అవి ఎలా మాయమవుతాయో చూడాలి. కొత్త పేజీ మీద అదే రాసుకున్నాను: ఎ = 0.001.